ఫ్యాన్ రెక్కలు, చపాతీ పిండి, 109.5: బాండ్ యాంగిల్స్ కంఠతా పట్టిన ఒక అమ్మాయి కేసు

"మీథేన్ 109.5, అమోనియా 107, నీళ్ళు 104.5, బోరాన్ ట్రైఫ్లోరైడ్ 120, బెరీలియం క్లోరైడ్ 180, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ 90" అని రెండో ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా అప్పజెప్పేసింది ఆ అమ్మాయి, ఊపిరి కూడా తీసుకోలేదు. అణువులో పక్కపక్క బాండ్‌ల మధ్య ఉండే కోణాలు, అంటే బాండ్ యాంగిల్స్, ఇవి. సరే బాగుంది, హైడ్రోనియం అయాన్ (నీటి అణువుకి ఇంకో హైడ్రోజన్ అయాన్ చేరితే వచ్చేది) షేప్ ఏంటమ్మా అనడిగా. "అది టేబుల్‌లో లేదు మేడమ్" అంది. పోనీ ఫాస్ఫీన్, ఫాస్ఫరస్‌కి మూడు హైడ్రోజన్లు? "107 మేడమ్, అమోనియాలాగే కదా". ఫాస్ఫీన్‌లో కోణం 93.6 డిగ్రీలు. అప్పుడు నేనింకా కంగారు పడలేదు, చాలామంది పిల్లలు ఇక్కడే తప్పుతారు, రెండు వారాల్లో సరిచేసేయొచ్చు అనుకున్నా. చివరికి ఏడు నెలలు పట్టింది. అందులో మొదటి రెండు వారాలు పోయింది నా పొరపాటు వల్లే, అందుకే ఈ కేసు మొదటినుంచీ పూర్తిగా రాస్తున్నా, పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేవాళ్ళకి పనికొస్తుందని.

ఆ అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఖమ్మం దగ్గర ఒక పల్లెటూరు, పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఇంటర్‌లో ఇంగ్లీష్ మీడియం. మ్యాథ్స్ చాలా బాగా చేస్తుంది, ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అదే మమ్మల్ని గట్టెక్కించింది. ఆగస్టులో వాళ్ళ నాన్నగారు తీసుకొచ్చి "మేడమ్ గారు, లెక్కల్లో ఢోకా లేదు, కెమిస్ట్రీలోనే మార్కులు పోతున్నాయి, ఎంసెట్‌కి ఇప్పట్నుంచే చూడండి" అన్నారు. ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అయినా మా దగ్గర తల్లిదండ్రులకి అది ఎప్పటికీ ఎంసెట్టే. 160 ప్రశ్నల్లో కెమిస్ట్రీవి 40, ఫిజిక్స్‌కి ఎంతో దీనికీ అంతే, 180 నిమిషాల్లో మొత్తం చెయ్యాలి, అందుకని ఆయన భయంలో న్యాయం ఉంది.

మొదటిరోజే కెమికల్ బాండింగ్ చాప్టర్ మీద పన్నెండు ప్రశ్నలు రాసిచ్చా. నాలుగు కరెక్ట్. ఆ నాలుగూ టేబుల్‌లో ఉన్నవే, టేబుల్‌లో లేనిది ఒక్కటీ రాలేదు.

నేను చేసిన మొదటి పని అందరం చేసేదే, ఫార్ములా ఇచ్చేశా. సెంట్రల్ ఆటమ్ వేలెన్స్ ఎలక్ట్రాన్లకి చుట్టూ ఉన్న మోనోవేలెంట్ (ఒక్క బాండే కట్టే) ఆటమ్‌లు కలిపి, పాజిటివ్ ఛార్జ్ ఉంటే తీసేసి, నెగటివ్ ఉంటే కలిపి, రెండుతో భాగించెయ్యడం. ఆ అంకె హైబ్రిడైజేషన్ చెప్తుంది, అంటే సెంట్రల్ ఆటమ్ ఆర్బిటాల్స్ ఎలా కలిశాయో. రెండు వస్తే ఎస్‌పీ, మూడు వస్తే ఎస్‌పీ2, నాలుగు వస్తే ఎస్‌పీ3, అలా. మ్యాథ్స్ పిల్ల కదా, రెండురోజుల్లో పట్టేసింది. అమోనియం అయాన్‌కి 5, 4 కలిపి 1 తీసేసి సగం చేస్తే 4. జినాన్ టెట్రాఫ్లోరైడ్‌కి 8, 4 కలిపి సగం చేస్తే 6. కార్బన్ డయాక్సైడ్‌లో ఆక్సిజన్‌ని సున్నాగా తీసుకోవాలి కాబట్టి 4 సగం 2. ఒక్కటి కూడా తప్పు పోలేదు. నేను సంతోషపడిపోయి రెండు వారాలు అదే డ్రిల్ చేయించా.

రెండు వారాల తర్వాత మళ్ళీ టెస్ట్ పెడితే హైబ్రిడైజేషన్ అడిగినవన్నీ రైట్, షేప్ అడిగినవి మాత్రం ఇంకా ఘోరం. జినాన్ టెట్రాఫ్లోరైడ్ షేప్ "ఆక్టాహెడ్రల్" అని రాసింది. నీళ్ళు "టెట్రాహెడ్రల్" అంది, మరి కోణం 104.5 అన్నావుగా అంటే "అది టేబుల్‌లో అలా ఉంది మేడమ్" అంది. ఆ పిల్ల బుర్రలో షేప్‌కీ యాంగిల్‌కీ సంబంధమే లేదు, ఒకటి పేరు, ఇంకోటి ఆ పేరు పక్కన అతికించిన అంకె. టేబుల్ ఉన్న చోట నేను ఫార్ములా పెట్టా, అంతకంటే మారింది ఏమీ లేదు.

ఆ రోజు సాయంత్రం వంటింట్లోంచి చపాతీ పిండి ముద్ద, చీపురు పుల్లలు నాలుగు విరిచి తెచ్చి ముందు పెట్టి, మీథేన్ చేసి చూపించమ్మా అన్నా. ఒక పెద్ద ఉండ చేసి నాలుగు పుల్లలు గుచ్చి చివర్లో చిన్న ఉండలు పెట్టి టేబుల్ మీద పడుకోబెట్టింది. అచ్చం ప్లస్ గుర్తు. నాలుగు పుల్లలూ టేబుల్‌కి ఆనుకుని ఉన్నాయి, మధ్యలో కోణాలన్నీ 90. ఇందులో 109.5 ఎక్కడుందమ్మా అనడిగితే చాలాసేపు దానివైపే చూసి "పుస్తకంలో ఇలాగే ఉంటుంది కదా మేడమ్" అంది.

నిజమే, పుస్తకంలో మీథేన్‌ని మనం అలాగే గీస్తాం. కార్బన్ మధ్యలో, పైన ఒకటి, కింద ఒకటి, చెరో పక్క ఒకటి. నెలల తరబడి రోజూ ఆ బొమ్మే చూస్తున్న పిల్లకి 109.5 అనే అంకె ఎక్కడ పెట్టుకోవాలో ఎలా తెలుస్తుంది?

అక్కడినుంచి నేను ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టా, సమాధానాలు దిద్దకుండా ఊరికే విన్నా, ఒక గంట పట్టింది, ఈ కేసులో అన్నిటికంటే విలువైన గంట అదే. వెడ్జ్, డ్యాష్ బొమ్మ చూపించి ఈ లావు గీత ఏంటి అనడిగితే "అది స్ట్రాంగ్ బాండ్ మేడమ్" అంది. ఈ చుక్కల గీత? "వీక్ బాండ్, హైడ్రోజన్ బాండ్‌లాంటిది". ఆలోచించి చూడండి, హైడ్రోజన్ బాండ్‌ని మనమే చుక్కలతో గీస్తాం, అదే చాప్టర్‌లో, అదే బోర్డు మీద. లావు గీత మన వైపు వస్తోందని, చుక్కల గీత బోర్డు లోపలికి వెళ్తోందని ఆ పిల్లకి ఎవరూ నోటితో చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు, తెలిసే ఉంటుందనుకున్నా.

తర్వాత టెట్రాహెడ్రల్ అంటే ఏంటమ్మా అన్నా. "చతుర్ముఖీయం మేడమ్". చతుర్ముఖీయం అంటే? ఇక్కడ ఆ పిల్ల చెప్పిన మాట నేను జన్మలో మర్చిపోను. "చతుర్ముఖుడు అంటే బ్రహ్మదేవుడు కదా మేడమ్, నాలుగు దిక్కులకీ నాలుగు మొహాలు". తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. నాలుగూ ఒకే మట్టంలో, 90 డిగ్రీల ఎడంలో. అంటే ఆ అమ్మాయి చేసిన ప్లస్ గుర్తు మోడల్ అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, ఆ మాటకి తనకి తెలిసిన అర్థాన్నే చపాతీ పిండితో చక్కగా చేసి చూపించింది.

తెలుగు మాటలో లోపం లేదు, నిజానికి ఇంగ్లీష్ మాటకంటే అది నేరుగా చెప్తుంది. చిక్కు ఎక్కడుందంటే ఆ ముఖాలు బాండ్‌లు కాదు. నాలుగు మూలల్లో ఉన్న హైడ్రోజన్లని దారంతో కలిపితే ఏర్పడే బొమ్మకి నాలుగు త్రిభుజాల పలకలు ఉంటాయి, ఆ పలకలే ముఖాలు. టెట్రాహెడ్రన్‌కి మూలలూ నాలుగే, ముఖాలూ నాలుగే కాబట్టి పొరపాటు బయటపడదు. ఆక్టాహెడ్రల్ దగ్గర బయటపడుతుంది, అష్టముఖీయం అంటే ఎనిమిది బాండ్‌లు అని రాసే పిల్లల్ని నేను ప్రతి ఏడాదీ చూస్తున్నా, ఈ అమ్మాయీ అలాగే అనుకుంటోంది. ఎనిమిది పలకలు, ఆరు మూలలు, కాబట్టి ఆరు బాండ్‌లు. ఈ ఒక్క వాక్యం క్లాసులో చెప్పడానికి పది సెకన్లు పడుతుంది, ఇన్నేళ్ళుగా నేను చెప్పలేదు.

సో, టేబుల్ పక్కన పెట్టించా. ఫార్ములా కూడా. "ఒక నెల ఆ టేబుల్ చూడకు" అంటే ఆ పిల్ల నిజంగా బెదిరిపోయింది, పరీక్షలో తనని కాపాడేది అదొక్కటే అనుకుంటోంది కదా.

మొదట బెలూన్లు, మా ఇళ్ళల్లో బూరలంటాం. రెండు బూరలు ఊది మూతులు కలిపి కట్టి వదిలితే ఎదురెదురుగా నిలబడతాయి, 180. మూడు కడితే ఒకే మట్టంలో మూడు వైపులకి విచ్చుకుంటాయి, 120. నాలుగోది కట్టేటప్పుడు నేనేమీ చెప్పకుండా ఆ పిల్ల చేతికే ఇచ్చా. ప్లస్ గుర్తులా పెట్టాలని టేబుల్ మీద నొక్కింది, చెయ్యి తీసేసరికి ఒక బూర పైకి లేచింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లేచింది. మూడు కాళ్ళ మీద నిలబడి ఒకటి పైకి చూస్తూ. "నొక్కినా ఉండట్లేదు మేడమ్, ఎందుకు?" అంది. అన్నేళ్ళ చదువులో ఆకృతుల గురించి తనంతట తాను అడిగిన మొదటి ఎందుకు అదే అని నాకనిపించింది. ఎందుకంటే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఎంత దూరం జరగగలవో అంత దూరం జరుగుతున్నాయి, బల్లపరుపుగా ఉంటే 90 డిగ్రీల ఎడమే దొరుకుతుంది, పైకి లేస్తే ఇంకా ఎక్కువ దొరుకుతుంది. బూరల చోట ఎలక్ట్రాన్ జంటలు పెట్టుకుంటే, అవి తోసుకోవడం వల్లే అణువుకి ఆకృతి వస్తుందనే వెస్పర్ సిద్ధాంతం మొత్తం ఇంతే. 1940లో సిడ్జ్‌విక్, పావెల్ మొదలుపెట్టింది, 1957లో గిలెస్పీ, నైహోమ్ పూర్తి రూపం ఇచ్చింది కూడా ఈ తోపులాట గురించే.

చేసి చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట, మూతులు బాగా దగ్గరగా బిగించి కట్టండి, వదులుగా కడితే బూరలు తోసుకోవు, వేలాడతాయి, అప్పుడు పిల్లలు తప్పు షేప్ చూసి అదే గుర్తుపెట్టుకుంటారు. అన్నీ ఒకే సైజు ఊదాలి. ఆరు కట్టడం కష్టం, మాకు రెండు పగిలాయి.

ఇక్కడ మ్యాథ్స్ పనికొచ్చింది. బూరలతో పైకి లేస్తుందని నమ్మింది కానీ "109.5 ఎక్కడ్నుంచి వచ్చింది మేడమ్, 110 ఎందుకు కాదు" అంటుంది. మా గది చూపించా. ఈ గది సమఘనం అనుకో, సరిగ్గా నడిమధ్యలో గాల్లో కార్బన్ ఉంది అనుకో. కప్పుకి ఉన్న నాలుగు మూలల్లో ఎదురెదురు మూలలు రెండు తీసుకో, నేలకి ఉన్న నాలుగు మూలల్లో మిగతా ఐమూల గీతవి రెండు తీసుకో. ఆ నాలుగు మూలల్లో హైడ్రోజన్లు. ఇప్పుడు వెక్టర్స్ వేసి కోణం కట్టు. వాళ్ళకి ఫస్టియర్ 1ఏలోనే డాట్ ప్రాడక్ట్ ఉంది. ఒక మూల (1, 1, 1), ఇంకో మూల (1, -1, -1). డాట్ ప్రాడక్ట్ 1 మైనస్ 1 మైనస్ 1, అంటే -1. రెండిటి పొడవులూ రూట్ 3, లబ్ధం 3. కాస్ థీటా -1/3. కాలిక్యులేటర్‌లో కొడితే 109.47, పుస్తకంలో 109 డిగ్రీల 28 నిమిషాలు అని రాసేది ఇదే.

ఆ పిల్ల పెన్ను కింద పెట్టి లేచి గది మధ్యలో నిలబడి కప్పు మూలలు, నేల మూలలు వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకుంది. "ఏ రెండు మూలలు తీసుకున్నా -1 ఏ వస్తోంది మేడమ్". అవునమ్మా, అందుకే నాలుగు బాండ్‌లూ సమానం. ఆ తర్వాత ఆ అంకె తను బట్టీ పట్టలేదు, పట్టాల్సిన అవసరం లేదు, తనే కట్టింది కదా. కార్బన్ నాలుగు చేతులూ ఇలా చతుర్ముఖంగా ఉంటాయని వాన్ట్ హాఫ్ 1874లో రాసినప్పుడు ఆయన వయసు 22, అదే ఏడాది లె బెల్ అనే ఆయన కూడా విడిగా అదే చెప్పాడు, వాన్ట్ హాఫ్ అట్టముక్కలతో మోడల్స్ చేసి మిగతా కెమిస్టులకి పంపాడు అని చెప్పా. 17 ఏళ్ళ పిల్లకి 22 ఏళ్ళ వయసు దగ్గరగా అనిపిస్తుంది, చపాతీ పిండితో చెయ్యడం చిన్నతనం అనుకోదు.

ఇంట్లో మాత్రం చిన్నతనం అనుకున్నారు. వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి "మేడమ్ గారు, పిల్ల పుస్తకం ముట్టుకోకుండా పిండి, పుల్లలు పట్టుకుని కూర్చుంటోంది" అన్నారు బాధగా. డిసెంబర్ దాకా ఆగండి అని అడిగా, ఆగారు, అందుకు ఆయనకి నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

తర్వాతది లోన్ పెయిర్, అంటే ఏ బాండ్‌లోనూ లేకుండా సెంట్రల్ ఆటమ్ దగ్గరే ఉండిపోయిన ఎలక్ట్రాన్ జంట. ఇక్కడే నీళ్ళు "టెట్రాహెడ్రల్" అనే తప్పు తెగాలి. ఎలక్ట్రాన్ జంటల అమరిక వేరు, అణువు ఆకృతి వేరు అని పది రకాలుగా చెప్పినా రెండు మాటలూ ఆ పిల్లకి కలిసిపోతున్నాయి. చివరికి ఇంటిపేరు, పేరు అని చెప్పా. మీథేన్, అమోనియా, నీళ్ళు, ముగ్గురిదీ ఒకే ఇంటిపేరు, టెట్రాహెడ్రల్, ఎందుకంటే ముగ్గురి ఇంట్లోనూ నాలుగు జంటలు. కానీ పిలిచే పేరు బయటికి కనిపించే ఆటమ్‌లని బట్టి. మీథేన్‌కి ఇంటిపేరూ పేరూ ఒకటే, అమోనియా పేరు పిరమిడల్, నీళ్ళ పేరు కోణీయం. పరీక్షలో షేప్ ఏంటి అంటే పేరు చెప్పాలి, హైబ్రిడైజేషన్ ఏంటి అంటే ఇంటిపేరు చెప్పాలి. ఆ రోజు తర్వాత ఈ రెండిటినీ కలిపేయడం నేను చూడలేదు.

కోణం తగ్గడం కోసం లోన్ పెయిర్ బదులు ఒక బూర వేరే రంగుది, లావుగా ఊది కట్టాం. బాండ్ పెయిర్‌ని రెండు న్యూక్లియస్‌లు చెరోవైపు పట్టి లాగుతాయి కాబట్టి సన్నగా సాగి ఉంటుంది, లోన్ పెయిర్‌ని ఒక్క న్యూక్లియస్సే పట్టుకుంటుంది కాబట్టి బొద్దుగా పరుచుకుని ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పక్కవాటిని తోస్తుంది. 109.5 కాస్తా ఒక లోన్ పెయిర్‌తో 107, రెండిటితో 104.5. ఇప్పుడు మళ్ళీ హైడ్రోనియం అడిగా, టేబుల్‌లో లేదన్నదే. "ఆక్సిజన్ 6, హైడ్రోజన్లు 3, ఛార్జ్ 1 తీసేస్తే 8, నాలుగు జంటలు, మూడు బాండ్‌లు, ఒకటి లోన్ పెయిర్. ఇంటిపేరు టెట్రాహెడ్రల్, పేరు పిరమిడల్, కోణం 109.5 కంటే తక్కువ మేడమ్". ఎంత తక్కువ అని నేను అడగలేదు. కచ్చితమైన అంకె కొలిచినవాళ్ళకి తెలుస్తుంది, ఎటువైపు జరుగుతుందో ఆలోచించినవాళ్ళకి తెలుస్తుంది, ఎంట్రన్స్‌లో ఆరోహణ క్రమం, అవరోహణ క్రమం అని అడిగేది ఎక్కువగా ఆ జరుగుడు గురించే.

ఐదు జంటల దగ్గర మాకు ఫ్యాన్ దొరికింది. మూడు రెక్కల సీలింగ్ ఫ్యాన్. రెక్కల మధ్య 120 డిగ్రీలు, పైన వేలాడే రాడ్డుకీ రెక్కకీ మధ్య 90. కింద కూడా ఒక రాడ్డు ఉంది అనుకుంటే అది ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్. ఇప్పుడు లోన్ పెయిర్ వస్తే ఎక్కడ కూర్చుంటుంది, రాడ్డు స్థానంలోనా, రెక్క స్థానంలోనా? పిల్లలు బట్టీ పట్టేది "ఈక్వటోరియల్" అని. లెక్కపెట్టమన్నా. రాడ్డు స్థానంలో కూర్చుంటే 90 డిగ్రీల దూరంలో పక్కవాళ్ళు ముగ్గురు, మూడు రెక్కలు. రెక్క స్థానంలో కూర్చుంటే 90 దగ్గర ఇద్దరే, పైరాడ్డు, కిందిరాడ్డు, మిగతా రెండు రెక్కలు 120 దూరంలో. బొద్దుగా ఉండేవాడికి ఇరుకు తక్కువ ఉన్న చోటే కావాలి కాబట్టి రెక్క స్థానమే, ఈక్వటోరియల్ అంటే అదే.

ఇక ఒక్కో రెక్కా విప్పుకుంటూ పోవడమే. ఒక రెక్క తీసేస్తే సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్, సీ-సా. రెండు రెక్కలు తీసేస్తే రాడ్డు, ఒక రెక్క, పక్కకి తిప్పి చూస్తే ఇంగ్లీషు టీ అక్షరం, క్లోరిన్ ట్రైఫ్లోరైడ్. మూడు రెక్కలూ తీసేస్తే ఒట్టి రాడ్డు మిగిలింది, నిలువుగా ఒకే గీత, జినాన్ డైఫ్లోరైడ్, ట్రైఅయొడైడ్ అయాన్ కూడా ఇదే. మూడు లోన్ పెయిర్లు పెట్టుకుని లీనియర్ ఎలా అయిందని పిల్లలు ఎప్పుడూ ఆశ్చర్యపోతారు, ఫ్యాన్‌లో చూస్తే ఆశ్చర్యం ఉండదు, మూడు వైపులనుంచి సమానంగా తోస్తుంటే రాడ్డు ఎటూ వంగదు కదా. అదే క్లోరిన్ ట్రైఫ్లోరైడ్‌లో రెండు వైపులనుంచే తోపు కాబట్టి రాడ్లు మిగిలిన రెక్క వైపు కొంచెం వంగుతాయి, 90 ఉండాల్సింది 87.5 ఉంటుంది. సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్‌లో మిగిలిన రెండు రెక్కల మధ్య 120 పోయి దాదాపు 102కి దిగుతుంది.

ఆరు జంటలకి నాలుగు రెక్కల ఫ్యాన్. ఇక్కడ అన్ని స్థానాలూ సమానమే కాబట్టి మొదటి లోన్ పెయిర్ ఎక్కడైనా కూర్చోవచ్చు, పైరాడ్డు తీసేశాం అనుకుందాం, బ్రోమిన్ పెంటాఫ్లోరైడ్, చదరపు పిరమిడ్. రెండోది మొదటిదానికి వీలైనంత దూరంగా, అంటే కిందిరాడ్డు. నాలుగు రెక్కలు ఒకే మట్టంలో మిగిలాయి, జినాన్ టెట్రాఫ్లోరైడ్, స్క్వేర్ ప్లానార్. "మేడమ్, నేను మీథేన్‌కి చేసింది ఇదే కదా" అంది ఆ పిల్ల. అవును, మొదటిరోజు చేసిన ప్లస్ గుర్తు. ఆ బొమ్మ తప్పు కాదు, దాని అసలు యజమాని జినాన్. 1962లో బార్ట్‌లెట్ తొలి జినాన్ సమ్మేళనం చేసేదాకా ఆ మూలకం దేనితోనూ కలవదనే పుస్తకాల్లో చదువుకునేవాళ్ళు, అదే ఏడాది జినాన్ టెట్రాఫ్లోరైడ్ కూడా తయారైంది.

అక్టోబర్‌లో పెద్ద దెబ్బ తగిలింది. కాలేజీ టెస్ట్‌లో నైట్రోజన్ డయాక్సైడ్, నైట్రైట్, నైట్రోనియం మూడిట్నీ కోణాల క్రమంలో పెట్టమన్నారు, సల్ఫైట్ అయాన్ షేప్ అడిగారు. రెండూ పోయాయి. సల్ఫైట్‌కి "ప్లానార్" రాసింది, సల్ఫర్ ట్రైఆక్సైడ్ ప్లానార్ కదా, దీనికీ మూడు ఆక్సిజన్లే కదా అని. లెక్కపెట్టకుండా పోలికతో రాసేసింది, ఫాస్ఫీన్ 107 అన్నప్పటి పాత అలవాటే. ఏడ్చింది కూడా. అప్పుడు నేను పాఠం చెప్పలేదు, సల్ఫర్ దగ్గర ఎన్ని జంటలో లెక్కపెట్టు అన్నా. 6, ఛార్జ్ 2 కలిపితే 8, సగం 4, మూడు ఆక్సిజన్లు పోను ఒకటి లోన్ పెయిర్. పిరమిడల్. ఆ రెండు నెగటివ్ ఛార్జ్‌లే లోన్ పెయిర్ తెచ్చాయి. ఫార్ములాని ఇప్పుడు తిరిగి ఇచ్చేశా, ఎందుకంటే ఇప్పుడది ఏం లెక్కపెడుతోందో తనకి తెలుసు.

నైట్రోజన్ త్రయం ఇంకా అందమైనది. నైట్రోనియంలో నైట్రోజన్ దగ్గర లోన్ పెయిర్ లేదు, 180. నైట్రైట్‌లో పూర్తి జంట ఉంది, 115. మధ్యలో నైట్రోజన్ డయాక్సైడ్‌కి జంట కాదు, ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటే, సగం బొద్దు, తోపు తక్కువ, 134. 120 ఉండాల్సిన చోట బాండ్ పెయిర్లే గెలిచి కోణం పెరిగింది. ఒక్కో ఎలక్ట్రాన్ కలుపుతూ పోతే కోణం ఎలా మూసుకుంటుందో మూడు మెట్లలో కనిపిస్తుంది, నా దృష్టిలో ఈ చాప్టర్‌లో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

నవంబర్ అంతా వెస్పర్‌కి లొంగనివాటి మీద కూర్చున్నాం. అమోనియా 107, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ 102. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ జంటల్ని తనవైపు లాక్కుంటుంది కాబట్టి నైట్రోజన్ దగ్గర బాండ్ పెయిర్ల ఇరుకు తగ్గి లోన్ పెయిర్ ఇంకా నొక్కేస్తుంది అని చెప్పా. నీళ్ళు 104.5, ఆక్సిజన్ డైఫ్లోరైడ్ 103, అదే కథ. డైక్లోరిన్ మోనాక్సైడ్ మాత్రం 111 దాకా ఉంటుంది, క్లోరిన్లు లావు కాబట్టి ఒకదానికొకటి తగులుతాయి. నాలుగురోజుల తర్వాత ఆ పిల్ల నోట్‌బుక్ తెచ్చి "మీరు చెప్పినట్టయితే ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్ ఫాస్ఫీన్ కంటే తక్కువ ఉండాలి, కానీ ఇక్కడ 97.8, ఫాస్ఫీన్ 93.6, రివర్స్ ఉంది మేడమ్" అంది.

నేను చాలా ఆనందపడ్డా. చెప్పిన నియమాన్ని తీసుకెళ్ళి ఇంకో చోట పెట్టి సరిపోవట్లేదని పట్టుకుంది, ఆగస్టులో టేబుల్ అప్పజెప్పిన పిల్లే. ఇక్కడ తేడాగా ఉన్నది ఫాస్ఫీనే అని చెప్పా. పెద్ద ఆటమ్‌లకి హైబ్రిడైజేషన్ అంతగా జరగదు, బాండ్‌లు దాదాపు ఒట్టి పీ ఆర్బిటాల్స్‌తోనే ఏర్పడతాయి, పీ ఆర్బిటాల్స్ ఒకదానికొకటి 90లో ఉంటాయి కాబట్టి కోణాలు 90 దగ్గర ఆగిపోతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ 92, ఆర్సీన్ 91.8, స్టిబీన్ 91.3, అందరూ ఆ వీధిలోనే. ఫాస్ఫీన్‌ని అమోనియా పక్కన కూర్చోబెట్టడం వల్లే మొదటిరోజు తప్పు వచ్చింది, దాని చోటు ఇక్కడ.

టైమ్ గురించి ఆ పిల్లకి చాలా భయం ఉండేది, ఇంత ఆలోచిస్తే 180 నిమిషాల్లో ఎలా అని. వాచీ పెట్టి చూశాం. సెప్టెంబర్‌లో ఒక్కో ప్రశ్నకి రెండు నిమిషాలు దాటేది, జనవరికి అరనిమిషంలో అయిపోతోంది. ఎలక్ట్రాన్లు లెక్కపెట్టి, ఇంటిపేరు చెప్పి, లోన్ పెయిర్లు తీసేసి, పేరు చెప్పి, కోణం ఎటు జరుగుతుందో చూడ్డం, ఇంతే కదా, చేతికి అలవాటైతే టేబుల్ వెతుక్కోవడం కంటే తొందరగా అవుతుంది. జనవరిలో టేబుల్‌లో లేని పన్నెండు కొత్త ప్రశ్నలు ఇస్తే పది కరెక్ట్. పోయిన రెండిట్లో ఒకటి డైపోల్ మొమెంట్ (అణువులో ఛార్జ్ ఎటు, ఎంత ఒరిగిందో చెప్పే కొలత) మీద, అది షేప్ తప్పు కాదు, అమోనియా కంటే నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌కి ఎందుకంత తక్కువో లోన్ పెయిర్ దిశ చూసుకోకపోవడం వల్ల పోయింది. బోర్డు పరీక్ష పేపర్ 60 మార్కులకి, అందులో ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ హైబ్రిడైజేషన్ వివరించమనే ప్రశ్న తరచూ వచ్చేదే, దానికి బొమ్మ గీయడం ఒక్కటే విడిగా ప్రాక్టీస్ చేయించా, ఎందుకంటే వెడ్జ్, డ్యాష్ గీయడం ఇప్పటికీ తనకి నెమ్మదే. మోడల్ చేతిలో ఉంటే చెప్పేస్తుంది, కాగితం మీదకి దింపాలంటే ఆగుతుంది. అది ఇంకా సరిచెయ్యలేకపోయా, రోజూ రెండు బొమ్మలు గీయిస్తున్నా.

ఇప్పుడు సెకండియర్. పోయిన వారం కోఆర్డినేషన్ కాంపౌండ్స్ మొదలుపెట్టారట కాలేజీలో, నికెల్ టెట్రాసయనైడ్ తెచ్చింది. నాలుగు లిగాండ్లు (మధ్యలోని లోహానికి అతుక్కునే గుంపులు) కాబట్టి టెట్రాహెడ్రల్ అనుకుంది, పుస్తకంలో స్క్వేర్ ప్లానార్ అని ఉంది, అదే నికెల్‌కి నాలుగు క్లోరైడ్లు ఉంటే టెట్రాహెడ్రల్ అని ఉంది. "ఫ్యాన్ పని చెయ్యట్లేదు మేడమ్" అంది. అవును, పని చెయ్యదు, ఇక్కడ షేప్‌ని నిర్ణయించేది డీ ఎలక్ట్రాన్లు, లిగాండ్ బలం, అది వేరే లెక్క. పాత మోడల్స్ ఉన్న డబ్బా తీశాం, చపాతీ పిండి రాయిలా గట్టిపడిపోయింది, పుల్లలు మాత్రం లాగి పక్కన పెట్టుకుంది. కొత్త పిండి కలపడానికి లోపలికి వెళ్ళా.